పదకొండో నంబరు సీసా

"కింద గోడ దగ్గర కూర్చుని బొమ్మ గీస్తున్న మనిషి, అదే నిమిషంలో పైన బాల్కనీలో నిలబడి ఇంకొకరిని ఎలా తోస్తాడు? అది ఒక్కటి చెప్పు, నేను ఇంటికి పోయి పడుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. "మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయింది గురువుగారూ. ఐదింటికి వ్యాను వస్తుంది. ఫ్రేముల మేస్త్రీ పెద్ద జైలుకి వెళ్ళిపోతాడు. రేపు పదింటికి ఈ గోడ మీద తెర తీస్తారు. ఈలోగా ఎన్ని ప్రశ్నలైనా వేసుకోండి. నీడపట్టునే ఉన్నారు కదా."

వేలిముద్రల శాఖలో నా కింద రెండేళ్ళు పనిచేశాడు. అనుమానితుడి వేలికి సిరా ఎంత పుయ్యాలో నేర్పింది నేనే. 'గురువుగారూ' అన్న మాటలో గౌరవం ఎప్పుడో అరిగిపోయింది, అలవాటు మిగిలింది. నేను రిటైరై నాలుగేళ్ళు. ఈ కేసులో నాకు అధికారం లేదు. పొద్దున ఏడింటికి డ్రాయింగు టీచరమ్మ చెల్లెలు వచ్చి నా గుమ్మంలో నిలబడింది. "మేస్త్రీగారు కాదు సార్. నాకు అంతవరకే తెలుసు. మీరు చూడండి," అంది. అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. అందుకే వచ్చాను.

జరిగింది ఇది. లైబ్రరీ హాలులో ముప్పై అడుగుల గోడ మీద టీచరమ్మ ఎనిమిదేళ్ళుగా ఒక వీధిని గీస్తోంది. యుద్ధంలో ఆ వీధి అరగంటలో పోయింది. నిన్న సాయంత్రం ఆమె ఈ హాలు బాల్కనీ మీంచి కింద పడింది. తలకి దెబ్బ, తుంటి విరిగింది. ఇంకా స్పృహలోకి రాలేదు. గోడ చుట్టూ చెక్క అంచు బిగిస్తున్న ఫ్రేముల మేస్త్రీని రాత్రి తొమ్మిదింటికి ఇంట్లోంచి పట్టుకుపోయారు.

"సమయాలు చెప్పు," అన్నాను.

"నాలుగున్నరకి పత్రిక వాళ్ళు వచ్చి ఫొటో తీశారు. ఐదింటికి వాచ్‌మన్ పెద్ద తలుపు వేశాడు. లోపల టీచరమ్మా మేస్త్రీ మిగిలారు. ఐదున్నరకి ఆవిడ ఏదో కొనడానికి బయటికెళ్ళింది. ఆరుంబావుకి పక్క తలుపు తాళం తీసుకుని మళ్ళీ వచ్చింది, అది వాచ్‌మన్ చూశాడు. మేస్త్రీ ఆరింటికి వెళ్ళిపోయానంటున్నాడు, అది ఎవరూ చూడలేదు. ఆరూ నలభైకి ఇక్కడి ఫోనులోంచి ఎవరో ఆసుపత్రికి చేశారు. పేరు చెప్పలేదు. బొంగురు గొంతు, ఆడో మగో తెలియలేదట. ఆరూ యాభై ఐదుకి అంబులెన్సు వచ్చింది."

"చంపబోయినవాడు అంబులెన్సుకి ఫోను చేశాడా?"

"భయపడ్డాడు. చాలామంది భయపడతారు." వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "తాళం ఆవిడ దగ్గరొకటి, వాడి దగ్గరొకటి. బాల్కనీ రెయిలింగు ఊడదీసింది వాడు. మొన్న వాచ్‌మన్ ముందే, చెయ్యి విరగ్గొడతానని ఆవిడ మీద కేకలేశాడు. ఇక అసలు సంగతి మీ కళ్ళముందే ఉంది. అదిగో."

గోడ చివరి మూల చూపించాడు. నేను ముందు అటు వెళ్ళలేదు. నేల చూశాను.

టీచరమ్మ పడిన చోట సున్నంతో గీత గీశారు. తల ఉన్న చోట గీత పక్కన ఒక మడత గుడ్డ, సంచిలో వేసి ఉంది.

"తల కింద ఉంది. పడ్డాక ఎవరో పెట్టారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నేను అడగకముందే.

సంచిలోంచే తిప్పి చూశాను. సగం కుట్టిన చొక్కా చెయ్యి. అంచుల వెంట పొడుగు కచ్చా కుట్లు. నాలుగు మడతలు, అంచు అంచుకి కలిసి ఉంది. ప్రాణం పోతున్న మనిషి పక్కన కూర్చుని కూడా అంచులు కలిపి మడిచిన చేతులు ఎవరివో! ఆ గుడ్డ లేకపోతే ఆవిడ తల రాతి నేల మీదే పదిహేను నిమిషాలు ఉండేది. ఆ సంగతి నా పుస్తకంలో రాసుకున్నాను. నా వృత్తిలో ఇలాంటివి రాసుకునే గడి వేరే లేదు.

"ఆవిడ దగ్గర దొరికినవి?"

ఒక కవరు తీసి చదువుకునే బల్ల మీద బోర్లించాడు. ఒక అద్దం పగిలిన కళ్ళజోడు. తాళంచెవి. పెన్సిలు ముక్క. చేతిరుమాలు. దాని మూల ముడిలో ఏదో గట్టిగా తగిలింది. విప్పాను. ఇత్తడి తొడుగు. బొటనవేలంత వెడల్పు, అగ్గిపెట్టెలో సగం మందం, ఒకవైపు మూసి, ఒకవైపు తెరిచి ఉంది. ఒక మూల మంటకి నల్లబడింది. తక్కిన మూలలు మాత్రం చెయ్యి తగిలి తగిలి మెరుస్తున్నాయి. దాన్ని రోజూ ముట్టుకున్నారు.

"ఇది సాయంత్రం దాకా ఇస్తావా?"

"సంతకం పెట్టి పట్టుకెళ్ళండి. తలుపు సామాను ఏదో అయుంటుంది. ఆవిడ ఇలాంటి చెత్త ఏరుతూనే ఉండేదట."

ఏరుతూనే ఉండేది, నిజమే. గోడ పక్క అలమరలో పదిహేను గాజు సీసాలున్నాయి. ఈ ఊళ్ళో వీటి సంగతి తెలియనివాళ్ళు లేరు. యుద్ధం ఆగిన వారానికి టీచరమ్మ జల్లెడ పట్టుకుని ఆ వీధికి వెళ్ళింది. ఒక్కో ఇంటి శిథిలాల్లోంచి ఇటుకా గచ్చూ బొగ్గూ తెచ్చి, నూరి, జల్లించి, ఆ ఇంటి నంబరు వేసి సీసాలో పోసింది. ఏ ఇంటిని ఆ ఇంటి దుమ్ముతోనే గీసేది. ఆ ఇంట్లోంచి బయటికొచ్చిన కుర్చీ అయినా, సైకిలైనా ఆ దుమ్ముతోనే. 'కూల్చినవాళ్ళకి అరగంట పట్టింది, నాకు ఎన్నేళ్ళు పడితే ఏం' అనేది.

ఇంకో నియమం ఉంది. బతికి బయటపడ్డవాళ్ళు వచ్చి చూసి, తప్పు ఉంటే చెప్పాలి. మా కిటికీ ఎడమవైపు తెరుచుకునేది, మా మెట్టు విరిగి ఉండేది అని. చెప్పగానే దిద్దేది. దిద్దించినవాళ్ళు ఆ ఇంటి కింద, గోడ అడుగు పట్టీ మీద, అదే దుమ్ములో బొటనవేలు ముద్ర వెయ్యాలి. పద్నాలుగు ఇళ్ళ కింద ముప్పై ఎనిమిది ముద్రలున్నాయి. నా ఉద్యోగమంతా నేను తీసిన ముద్రలు నేరం చేసినవాళ్ళవి. ఇవి ఇల్లు పోయినవాళ్ళవి. ఒక్కటీ అలికిపోలేదు.

చివరి మూల ఇల్లు కాదు, గిడ్డంగి. దాని కింద సెల్లారు. సైరను మోగితే వీధంతా దాక్కునే చోటు. ఆ రోజు లోపల పందొమ్మిది మంది ఉన్నారు. ఒక్కరూ బయటికి రాలేదు. తలుపుకి బయటినుంచి గడియ పడి ఉందని విచారణ సంఘం రాసింది. గడియ కొంకీల్లో ఇనప చువ్వ దూర్చారని కూడా రాసింది. ఆ చువ్వ సెల్లారు కాపలాదారుది. కాపలాదారు ఫ్రేముల మేస్త్రీ. అతను చేశాడని సంఘం రాయలేదు. ఊరు మాత్రం ఎనిమిదేళ్ళుగా అంటూనే ఉంది.

సెల్లారు కింద పట్టీ ఖాళీ. ముద్ర వెయ్యడానికి ఎవరూ మిగల్లేదు.

"ఇప్పుడు చూడండి," అంటూ ఇన్‌స్పెక్టర్ పత్రిక ఫొటో నా చేతిలో పెట్టాడు. "నాలుగున్నరకి తలుపు మీద ఏముంది? చువ్వ. ఇప్పుడేముంది?"

మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా వయసులో అది చిన్న పని కాదు. ఫొటోలో కొంకీల్లో నల్లటి గుండ్రటి చువ్వ ఉంది. గోడ మీద ఇప్పుడు చువ్వ లేదు. దాని చోట చదునైన బద్ద ఉంది. లేత ఆవపిండి రంగు. దాని వెంట వెంట్రుకవాసి అడ్డగీతలు. రెండు చివర్లా అదే రంగు దట్టంగా, పసుపుపచ్చగా ఉంది.

"చువ్వ వాడిది. రేపు ఊరంతా చూస్తుంది. అందుకని మార్చబోయాడు. ఆవిడ చూసింది. తోశాడు. ఇంకేం కావాలి మీకు?"

"దాచాలనుకున్నవాడు గీకేస్తాడు నాయనా. లేదా నల్లరంగు పూస్తాడు, అర నిమిషం పని. ఇక్కడెవరో అరగంటసేపు కూర్చున్నారు. ఈ అడ్డగీతలు చూడు, ఒకదానికొకటి ఎంత సమంగా ఉన్నాయో. దాచడానికి ఇంత శ్రద్ధ ఎందుకు?"

"మీకు శ్రద్ధంటే మొదట్నుంచీ మోజు."

"బ్రష్ ఎక్కడ దొరికింది?"

"ఇక్కడే, గోడ మొదట్లో."

నేల మీద రంగు మరక ఒక్కటే ఉంది. చేతిలోంచి జారి నిలువుగా పడింది. బాల్కనీకి ఇరవై రెండు మెట్లు. పైకి పరిగెత్తినవాడు ఇరవై రెండు మెట్లకీ రంగు మోసుకెళ్ళేవాడు. ఇక్కడ కూర్చున్న మనిషి వెనక చప్పుడు విని బ్రష్ వదిలేసి ఉండాలి, అంతే. పైన ఎవరూ తోయలేదు. ఆ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాను.

"ఊహ," అన్నాడు. "కోర్టులో చెప్పండి. సున్నాలు వేసే మనిషిని నాలుగున్నరకి రమ్మన్నాను. టర్పెంటైను పెట్టి ఈ బద్ద తుడిచేస్తాడు, రంగు ఇంకా పచ్చిగానే ఉంది. కింద చువ్వ చెక్కుచెదరలేదు. రేపు తెర తీసేసరికి గోడ ఫొటోలో ఉన్నట్టే ఉండాలని పైనుంచి చెప్పారు."

"సాక్ష్యాన్ని తుడిపిస్తావా?"

"ఫొటో తీయించుకున్నాను. నాకు పని నేర్పింది మీరే కదా." వెళుతూ వెనక్కి తిరిగాడు. "తలుపు దగ్గర జాగ్రత్త గురువుగారూ, గడప ఎత్తుగా ఉంటుంది."

అతను వెళ్ళాక సీసాలు ఒక్కొక్కటే తీసి చూశాను. పద్నాలుగు మూతలు బిగుసుకుని ఉన్నాయి. పదకొండో నంబరు మూత చుట్టూ నూనె చార. తీశాను. లోపల లేత ఆవపిండి రంగు దుమ్ము. నిన్న సాయంత్రం ఎవరో కొత్త బద్దని పదకొండో ఇంటి దుమ్ముతో గీశారు. అంటే టీచరమ్మ పద్ధతి ప్రకారం, ఆ బద్ద పదకొండో ఇంట్లోంచి వచ్చింది. నియమం తెలిసినవాళ్ళు, పట్టుబడతామని తెలిసి కూడా నియమం తప్పనివాళ్ళు గీశారు.

జేబులోంచి ఇత్తడి తొడుగు తీసి గోడ మీది పసుపు చివర పక్కన పట్టాను. అదే ఆకారం. అది ఏ బద్దో మాత్రం తట్టలేదు.

రెండూ ఇరవైకి స్టేషనులో మేస్త్రీ ముందు కూర్చున్నాను. పెద్ద చేతులు, గోళ్ళలో రంపప్పొట్టు. ఊచల అవతల నిలబడి కూడా ఊచల బిగింపు సరిగ్గా ఉందో లేదో వేళ్ళతో చూస్తున్నాడు.

"రెయిలింగు ఎందుకు తీశావు?"

"పన్నెండడుగుల పట్టె మెట్ల మలుపులో తిరగలేదు సార్. పై నుంచి దించాను. ఖాళీకి అడ్డంగా తాడు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీశాను. పొద్దున్నే బిగిద్దామనుకున్నాను."

"తాడుంటే ఆవిడ ఎలా పడింది?"

"తాడు మనిషిని ఆపదు సార్. మనిషి ఆగితేనే ఆపుతుంది."

"చెయ్యి విరగ్గొడతానన్నావా?"

"అన్నాను. ఆ చువ్వ గీసిందని. పదేళ్ళ పిల్లలు కూడా వచ్చి చూస్తారమ్మా, వద్దు అని బతిమాలాను. విచారణలో అలాగే రాశారు, నేను ఉన్నదే గీస్తాను అంది. అప్పుడన్నాను. నా చెయ్యి విరిచినా బాగుండేది."

"చువ్వ నువ్వు పెట్టావా?"

ఊచ మీంచి వేళ్ళు తీశాడు. పక్క గదిలో టైపు మిషను ఆగి మళ్ళీ మొదలైంది.

"ఇన్నాళ్ళూ పెట్టావట కదా అన్నారు సార్, పెట్టావా అని ఎవరూ అడగలేదు. తెలీదు. రాత్రిళ్ళు సామాను పోకుండా ఆ చువ్వ దూర్చేది నేనే. రోజూ చేసే పని. ఆ రోజు మా ఆవిడని లోపల కూర్చోబెట్టాను. వీధి చివర ఇంకా ఎవరో పిల్లలున్నారంటే పరిగెత్తాను. వెళ్ళేటప్పుడు అలవాటుకొద్దీ దూర్చేశానేమో. ఎనిమిదేళ్ళుగా గుర్తు చేసుకుంటున్నాను. ఎంత గుర్తు చేసుకుంటే అంత, దూర్చినట్టే అనిపిస్తోంది."

"నిన్న సాయంత్రం ఎవరో ఆ చువ్వ తీసేశారు. దాని చోట ఒక బద్ద గీశారు. చెక్క బద్ద."

ఊచలు పట్టుకున్నాడు. "ఎవరు?"

"తెలీదు."

"అయితే... అయితే నేను కాదా సార్?"

అంత పెద్దమనిషి ఆ మాట అడిగిన తీరు చూసి నేను నేలవైపు చూడాల్సి వచ్చింది. "అది ఐదింటిలోపల తెలుసుకుంటాను. ఒక్కటి చెప్పు. పదకొండో నంబరు ఇల్లు ఎవరిది?"

"టీచరమ్మ వాళ్ళదే. కింద చెల్లెమ్మ కుట్టుపని. పైన అక్కా వాళ్ళ నాన్నగారూ. ఆయన కూడా సెల్లారులోనే..." ఆగిపోయాడు.

మూడుంబావుకి ఆ చెల్లెలి కుట్టు గదిలో ఉన్నాను. ఒకే గది. మిషను, ఇస్త్రీపెట్టె, గోడకి వరసగా సగం చొక్కాలు. ఆమె నన్ను చూసి కుర్చీ మీది గుడ్డలు తీసి, దులిపి వేసింది. గొంతు బొంగురుగా ఉంది. పొద్దున కూడా అలాగే ఉంది, ఏడుపు వల్ల అనుకున్నాను.

"అక్కని చూడనిచ్చారా అమ్మా?"

"ఇంకా లేదు సార్. గుమ్మం దగ్గర పోలీసు ఉన్నాడు." చేతులు ఊరుకోలేక పని అందుకుంది. బట్టల తాను విప్పి, గుడ్డని బల్ల అంచు వెంట పరిచి కొలుస్తోంది. బల్ల అంచు మీద కత్తితో గాట్లు పెట్టి ఉన్నాయి, అంగుళానికొకటి.

మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఆమె బతికుండగా మా ఇంట్లో కుట్టు మిషను పక్కన ఒకటి ఎప్పుడూ ఉండేది. దానితో గుడ్డ కొలిచేది, కర్టెను సర్దేది, నన్ను భోజనానికి లేపాలంటే తలుపు మీద కొట్టేది. చివర్లు అరిగిపోకుండా ఇత్తడి తొడుగులుండేవి.

"నీ గజంబద్ద ఏదమ్మా?"

ఆమె చేతులు ఆగాయి.

"బల్ల మీద గాట్లు పెట్టుకుని కుడుతున్నావు. ఎనిమిదేళ్ళలో ఒక్క బద్ద కొనుక్కోలేదా?"

"పట్టుకోలేను సార్," అంది. గుడ్డ మడిచి పక్కన పెట్టి, "చేతిలోకి తీసుకోలేను," అంది.

ఆమె కూర్చుంది. అది చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది గానీ, చెప్పేసరికి మూడు నిమిషాలు పట్టలేదు.

"మొదటి బాంబు గాలికే తలుపు నిలవలేదు. తెరుచుకోవడం, కొట్టుకోవడం. పొగ లోపలికి పోతోంది. నాన్న లోపల్నుంచి అరుస్తున్నాడు, తలుపు ఆపమ్మా, ఎలాగైనా ఆపు అని. నేను ఇంట్లోంచి ఏం పట్టుకుని పరిగెత్తానో నాకే తెలీదు, చూసుకుంటే చేతిలో బద్ద. కొంకీల్లో దూర్చాను. ఆగింది. నాన్న 'మా అమ్మే' అన్నాడు. అదే ఆఖరి మాట సార్. నీళ్ళు తెద్దామని పది అడుగులు వేశాను. వెనక గిడ్డంగి కూలింది. రెండు రోజులకి తవ్వారు. తలుపు లోపలి వైపు గోళ్ళ గీతలున్నాయని పేపర్లో వేశారు."

"బద్ద కాలిపోయింది. చువ్వ మిగిలింది."

"చువ్వ పక్క మేకుకి వేలాడుతూ ఉండేది. శిథిలాల్లో దొరికింది. అందరూ అదే అనుకున్నారు. నేను చెప్పలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం... మేస్త్రీగారు వీధిలో ఎదురైతే నేను సందు మారేదాన్ని. నిన్న ఐదున్నరకి అక్క కూరలకని బయల్దేరి ఇక్కడ ఆగింది. గోడ అయిపోయిందే, ఒక్క చువ్వే మిగిలింది, అదీ వేసేశాను అంది. తాళం బల్ల మీద పెట్టి ముఖం కడుక్కోవడానికెళ్ళింది. ఆవిడ వెనక్కి వచ్చేలోగా..."

"మైనం మీద అచ్చు తీశావా?"

"అంత తెలివి నాకెక్కడిది! నాకో తాళం ఎప్పుడో ఇచ్చింది, ఎప్పుడైనా తోడు రమ్మని. ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ వెళ్ళలేదు. నిన్న అక్క ముఖం కడుక్కుంటుండగానే ఆ తాళం తీసుకుని వెళ్ళాను. మేస్త్రీగారు అప్పుడే వెళ్ళిపోయారు. తప్పు దిద్దేసి వచ్చేద్దామనుకున్నాను. రేపు తెర తీశాక చూసినవాళ్ళకి అర్థమవుతుంది, నా నోటితో చెప్పక్కర్లేదు అనుకున్నాను. అంత పిరికిదాన్ని. గోడంతా పైనుంచి చూసుకోవాలనేమో, అక్క పైకి ఎప్పుడొచ్చిందో తెలీదు. వెనకనుంచి 'ఒసేయ్' అంది. ఒక్క మాటే. తిరిగి చూసేసరికి తాడు మీంచి ముందుకి వంగి, గాల్లో ఉంది. ఎర్రగుడ్డ చేతికి చుట్టుకుని ఉంది."

"ఫోను చేశావు. తల కింద గుడ్డ పెట్టావు. వెళ్ళిపోయావు."

"వెళ్ళిపోయాను. మేస్త్రీగారిని పట్టుకున్నారని రాత్రి తెలిసింది. ఆయన కాదని చెప్పాలి. నేనని చెప్పే ధైర్యం లేదు. మీరు కనిపెడతారని వచ్చాను."

"నన్ను నీ మీదికి నువ్వే తోలుకున్నావన్నమాట."

"అంతే సార్," అని నవ్వబోయి నవ్వలేకపోయింది.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నాలుగుంబావు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూసి ఇంకా వెలిగింది.

"మీరిక్కడే ఉన్నారు, మంచిదయింది. అమ్మా, శుభవార్త. మీ అక్కగారు మూడూ పదికి కళ్ళు తెరిచారు. డాక్టరు ముందు, ఇద్దరు సాక్షుల ముందు వాంగ్మూలం ఇచ్చారు." కాగితం విప్పి చదివాడు. "'నన్ను తోసింది ఫ్రేముల మేస్త్రీ. గోడ మీది చువ్వని చెరపబోతుంటే అడ్డం వెళ్ళాను. తలుపుకి ఉన్నది ఇనప చువ్వే. నేను సరిగ్గానే గీశాను. బద్దని వెంటనే తుడిచెయ్యండి.' సంతకం. చెయ్యి వణికింది గానీ సంతకం ఆవిడదే. ఏమంటారు గురువుగారూ? కింద ఉన్నవాడు పైనున్నవాళ్ళని తోయగలడన్నమాట."

చెల్లెలు అతని వంక కాదు, నా వంక చూసింది.

"అక్క అలా ఎందుకంటుంది? అక్క నన్ను చూసింది కదా సార్. మేస్త్రీగారు అక్కడ లేనే లేరు. అక్క అబద్ధం చెప్పదు. ఒక కిటికీ రెక్క తప్పు పడిందని మూడు నెలలు నిద్రపోని మనిషి!"

"ఏమంటోందీవిడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నాకు ఇష్టం లేదు. కానీ సమయం నాలుగూ ఇరవై. జేబులోంచి ఇత్తడి తొడుగు తీసి బల్ల మీద, గాట్ల పక్కన పెట్టాను.

ఆమె దాన్ని వెంటనే గుర్తుపట్టింది. వేలితో ఒక అంచు తడిమింది. "ఇక్కడ చిన్న సొట్ట. చిన్నప్పుడు నేనే గోడకేసి కొట్టాను. ఎక్కడ దొరికింది?"

"మీ అక్క చేతిరుమాలు ముడిలో. సెల్లారు దుమ్ము జల్లించింది ఆవిడే కదమ్మా. ఎనిమిదేళ్ళ కింద, మొదటి వారంలో. జల్లెడలో ఇది మిగిలి ఉంటుంది. ఎంత మెరుస్తోందో చూడు. అప్పట్నుంచీ రోజూ పట్టుకుంటూనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితాన్ని మడిచాడు. అతను తెలివితక్కువవాడు కాడు. నేర్పింది నేనే.

"తెలుసా?" అంది ఆమె. "అక్కకి మొదట్నుంచీ తెలుసా? తెలిసి, నాన్న పోయిన తలుపు మీద... తెలిసి, మేస్త్రీగారి చువ్వ గీసిందా?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకి తెలియలేదు. నాకూ తెలియలేదు. ఊరంతటి నిజాన్ని దుమ్ముతో సహా పోగుచేసిన మనిషి, ఒక్క చెల్లెల్ని దాచడానికి ఒక్క అబద్ధాన్ని మోసి, చివరికి గోడ మీద గీసింది. ఆ ఒక్క అబద్ధమూ ఒక మనిషి నెత్తిన ఎనిమిదేళ్ళు కూర్చుంది. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీంచి రెండోసారి కూర్చోబెట్టింది.

ఆమె లేచింది. మిషను మీద గుడ్డ కప్పింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది.

"గోడ తుడవడానికి ఎన్నింటికి వస్తారు సార్?"

"నాలుగున్నరకి," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఆలోచించకుండా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా. నువ్వు ఏదైనా చెబితే మీ అక్క ఇచ్చింది దొంగ వాంగ్మూలం అవుతుంది. ఆవిడ మీదా కేసు, నీ మీదా కేసు. పందొమ్మిది మంది సంగతి మళ్ళీ తిరగతోడతారు. ఇంటికొకరు నీ గుమ్మం ముందుకొస్తారు. బాగా ఆలోచించుకో."

అతని గొంతులో బెదిరింపు లేదు. నిజంగానే హెచ్చరిస్తున్నాడు. అది కూడా రాసుకోవాలి.

హాలు రెండు వీధుల అవతల. మేం వెళ్ళేసరికి సున్నాల మనిషి గోడ మూల గొంతుక్కూర్చుని గుడ్డ తడుపుతున్నాడు. టర్పెంటైను వాసన తలుపు దాకా వచ్చింది. బద్ద చివర ఒక పసుపు తొడుగు అప్పటికే చెరిగిపోయింది.

"ఆగు నాయనా," అంది ఆమె. "మా అక్క తప్పు గీసింది. చూసినవాళ్ళు దిద్దాలి, అది అక్క పెట్టిన నియమమే."

అలమరలోంచి పదిహేనో నంబరు సీసా తీసింది. సెల్లారు దుమ్ము. నల్లగా, మెత్తగా ఉంది. నూనె కలిపింది. ఖాళీ పట్టీ ముందు కూర్చుని నా వైపు తిరిగింది.

"ఏ చెయ్యి సార్?"

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను వేలకొద్దీ చేతులు పట్టుకున్నాను. బలవంతంగా వేళ్ళు విప్పాను. ఒక్క చెయ్యీ తనంతట తాను ముందుకి రాలేదు.

"ఎడమదమ్మా," అన్నాను. "గట్టిగా నొక్కకు, అలికిపోతుంది."

బయట వ్యాను హారను మోగింది. ఐదింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది, స్టేషనుకి పోతూ ఇన్‌స్పెక్టర్ కోసం తొందరపడి వచ్చారు. ఇన్‌స్పెక్టర్ కదల్లేదు. అక్క సంతకం పెట్టిన కాగితం ఒక చేతిలో, టోపీ ఒక చేతిలో, ముద్ర వైపే చూస్తూ నిలబడ్డాడు.

ముద్ర శుభ్రంగా పడింది.